మామగారి బండల మీద మా బండి

తాండూరు మార్కెట్లో నిలబడి నా పేరు చెప్పి చూడండి, ఎవ్వరూ తల కూడా తిప్పరు. "రేవణప్ప సేటు నూనె అల్లుడు" అనండి. చాయ్ తాగుతున్నవాడు గ్లాసు కింద పెట్టి మరీ నవ్వుతాడు. ఆ బిరుదు నాకు ఊరికే రాలేదు. దాన్ని సంపాదించడానికి ఒక ఇంజనును, ఒక కొత్త షోరూమును, మా మామగారి పట్టంచు ధోవతిని, నా పరువును ఒకే ఒక్క నిమిషంలో నాశనం చేయాల్సి వచ్చింది. ఆ నిమిషం గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను. మొహమాటపడకుండా నవ్వుకోండి. నవ్వొద్దన్నా మీరు ఆగరని అనుభవం మీద చెబుతున్నాను.

అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది. వికారాబాద్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ఇప్పటికీ చెబుతున్నాను, పిల్లలకు ఈ కథ తెలియదు కాబట్టి. అద్దె ఇల్లు, ఒక స్కూటరు, బుద్ధిమంతురాలైన భార్య శైలజ. ఇంత చక్కగా ఉన్న జీవితంలోకి ఒక ఎర్ర కారు వచ్చింది.

అనంతగిరి రోడ్డులో ఒక రిటైరైన డాక్టరుగారు ఉండేవారు. ఆయన షెడ్డులో టార్పాలిన్ కింద ఒక బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ముసుగు తన్ని పడుకుని ఉండేది. రెండే సీట్లు. పైకప్పు లేదు. ముందు భాగం ఎంత పొడుగంటే, బండి మలుపు తిరిగిన కాసేపటికి గానీ మనం తిరగం. కూర్చుంటే నేలకు ఎంత దగ్గరగా ఉంటామంటే, పక్కన ఆటో వచ్చి ఆగితే దాని డ్రైవరుతో కాదు, చక్రంతో మాట్లాడాలి. మా నాన్న కంటే వయసులో పెద్దది. చూసీ చూడగానే పడిపోయాను. ఎంతకు కొన్నానో అడక్కండి. ఇది శైలజ కూడా చదువుతుంది.

తాళాలు చేతిలో పెడుతూ డాక్టరుగారు ఒక్క మాట చెప్పారు. "ఇది నూనె కారుస్తది. కుండకు చెమట పట్టినట్టే అనుకో. అప్పుడప్పుడు నూనె పోస్తుండు, దాని జోలికి మాత్రం పోకు."

ఆ మాట వినుంటే ఈ కథే లేదు.

కారడమంటే అలా ఇలా కాదు. ఆ బండి ఎక్కడ ఆగినా తన గుర్తు వదిలేది. ఇంటి ముందు వాకిట్లో శైలజ వేసిన ముగ్గులో చుక్కలు పదిహేనుంటే, సాయంత్రానికి ఇరవై ఒకటయ్యేవి. మా పెళ్ళిలో వచ్చిన పెద్ద స్టీలు తాంబాళం ఇంజను కింద చేరింది. ఇక నేనెక్కడికి వెళ్ళానో దాచే వీలే లేకుండా పోయింది.

"పొద్దుగాల పరిగి రోడ్డు హోటల్ల దోశ తిన్నవా?" అని అడిగేది శైలజ.

"లేదే! ఎవరు చెప్పారు?"

"నీ బండే చెప్పింది. హోటల్ ముంగట నాలుగు చుక్కలున్నయి. అంటే రెండు దోశలు తినేంత సేపు ఆగినవు."

ఇలా దినదినగండంగా సాగుతుండగా మామగారు ఫోన్ చేశారు.

మా మామ రేవణప్పగారి గురించి కొంచెం చెప్పాలి. తాండూరులో బండల వ్యాపారం. ఇళ్ళల్లో పరుస్తారే, ఆ నాపరాళ్ళు. చిన్నప్పుడు ఆయన గనిలో సుత్తి పట్టి రాయి చీల్చిన మనిషి. ఆ రాయినే కోసి, సానపట్టి, అమ్మే స్థాయికి వచ్చారు. మాట తక్కువ, మర్యాద ఎక్కువ. నన్ను 'మీరు' అనే పిలుస్తారు. ఆ గౌరవానికి తగ్గట్టు ఉండాలని నేను ఆయన ముందు ఎప్పుడూ ఛాతీ ముందుకు పెట్టి నడిచేవాణ్ణి.

"అల్లుడా, వచ్చే శుక్రవారం మన కొత్త షోరూమ్ మొదలు పెడ్తున్నం. మీ ఎర్రబండి తెచ్చి నడుమ హాల్ల నిలబెడ్దమా? జనం బండిని చూడనీకె వస్తరు, వచ్చినోళ్ళు కింద బండలు చూస్తరు."

"తప్పకుండా మామా!"

"ఒక్కటే ముచ్చట. గా హాల్ల పరిచిన బండలు నేను ఒక్కొక్కటి ఏరి తెచ్చిన. లేత పసుపు రంగు. ఆర్నెల్లు పట్టింది. మీ బండి నూనె కారుస్తదని బిడ్డ చెప్పింది..."

ఇక్కడ నేను "అవును మామా, వద్దులెండి" అనుంటే ఈ రోజు తాండూరులో తలెత్తుకుని తిరిగేవాణ్ణి. కానీ ఛాతీ ముందుకు వచ్చేసింది.

"అదెప్పుడో బాగు చేశాను మామా. ఒక్క చుక్క పడితే నన్ను అల్లుడు అని పిలవకండి!"

ఫోన్ పెట్టి తిరిగేసరికి శైలజ తాంబాళంలోని నూనెను సీసాలోకి వంపుతోంది. నా వంక చూసింది, సీసా వంక చూసింది, మూత బిగించి సీసాను నా చేతిలో పెట్టింది.

వారం రోజులుంది. ఫిజిక్స్ చదివినవాణ్ణి. నాలుగు నట్లూ బోల్టులూ నాకు లెక్కా? పాత చాప పరిచి బండి కిందికి దూరాను. ఇంజను అడుగున నూనె ఉండే తొట్టి అంచు వెంబడి చెమ్మ కనిపించింది. ఓహో, బోల్టులు వదులయ్యాయన్నమాట! పానాతో ఒక్కొక్కటీ బిగించాను. పళ్ళు బిగబట్టి బిగించాను. తొట్టికీ ఇంజనుకూ మధ్య ఒక పల్చని అట్టలాంటిది ఉంటుందని, మరీ బిగిస్తే అది నలిగి బయటికి వస్తుందని అప్పుడు నాకు తెలియదు. మర్నాడు తాంబాళంలో నూనె రెట్టింపైంది.

"మంచిగైంది. ఇంకొంచెం బిగిస్తే పూరీలు కాల్చుకోవచ్చు," అంది శైలజ.

పట్టుదల పెరిగింది. లీకులు మూసే జిగురు ట్యూబులు అరడజను తెచ్చాను. కేకు మీద క్రీము పెట్టినట్టు అంచులన్నిటికీ పూశాను. పైన నూనె పోసే మూత చుట్టూ కూడా పూశాను. అది ఎన్నడూ కారలేదు. అయినా ముందు జాగ్రత్త మంచిది కదా!

అయినా చుక్కలు పడుతూనే ఉన్నాయి. బుధవారం మధ్యాహ్నం మళ్ళీ కిందికి దూరి, టార్చి పట్టుకుని వెతుకుతుంటే దొరికాడు దొంగ. ఇంజను పక్క నుంచి వేలెడు లావున ఒక గొట్టం వంపు తిరిగి కిందికి వేలాడుతోంది. దాని నోరు బార్లా తెరిచి ఉంది! నోటి అంచున ఒక నల్లటి నూనె చుక్క మెరుస్తూ, ఇదిగో పడతా అదిగో పడతా అని ఊగుతోంది.

నాకు తెల్లవాళ్ళ మీద చచ్చేంత జాలి వేసింది. ఎంత తెలివితక్కువవాళ్ళు! గొట్టం పెట్టి, మూత పెట్టడం మరిచిపోయారు. అరవై ఏళ్ళుగా ఎవ్వరికీ తట్టని సంగతి వికారాబాద్‌లో నాకు తట్టింది.

కాలేజీ లేబొరేటరీ నుంచి ఒక రబ్బరు బిరడా తెచ్చాను. దాన్ని గొట్టంలోకి సుత్తితో దిగ్గొట్టి, చుట్టూ జిగురు పూసి, ఇనుప తీగతో నాలుగు చుట్లు చుట్టాను. ఐదు నిమిషాలు ఇంజను నడిపి ఆపాను. గురువారం పొద్దున తాంబాళం తీసి చూస్తే తళతళలాడుతోంది. ఒక్క చుక్క లేదు! శైలజ తన తెల్ల చేతిరుమాలుతో బండి కింద అంతా తుడిచి చూసింది. మరక లేదు.

"నిజంగనే ఆగిందా?" అంది అనుమానంగా.

"సైన్సు," అన్నాను.

ఆ రోజే మామగారు బండలు దించి ఖాళీగా వెనక్కి పోతున్న తమ లారీని పంపారు, కారుకు దారిలో దుమ్ము అంటకూడదని. లారీ మీద ఊరేగుతూ అది తాండూరు చేరింది. మేం వెనకాల బస్సులో చేరాం.

శుక్రవారం పొద్దున షోరూమ్ చూసి గుమ్మంలోనే చెప్పులు విప్పేశాను. అంత పెద్ద హాలు, ఒకే నీటి పొరలా మెరిసే నేల. బండకూ బండకూ మధ్య సందు ఎక్కడో వెతికినా దొరకదు. కూలీలు పదిమంది నా కారును చేతులతో తోసి, చంటిబిడ్డను తొట్టెలో వేసినట్టు హాలు నడుమ పెట్టారు. పూజ అయింది. మామగారు నుదుట విభూతి, తెల్ల చొక్కా, పట్టంచు ధోవతి. అతిథులు బండి చుట్టూ మూగారు. కింద నేల అద్దంలా ఉంది. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. ఒక్క చుక్క లేదు.

"మా అల్లుడు సొంతంగ బాగు చేసిండు," అని మామగారు వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నారు. ఆయన నోట నా గురించి అన్ని మాటలు ఒకేసారి వినడం అదే మొదలు. నేను బండి తలుపుకు ఆనుకుని, వినయంగా ఉండడానికి తెగ కష్టపడుతున్నాను.

అప్పుడు కొడంగల్ నుంచి వచ్చిన ఒక కాంట్రాక్టరు నోరు తెరిచాడు.

"సేటూ, గీ బండి నడుస్తదా, లేకుంటె బొమ్మనా? పొద్దుగాల తోసుకుంట తెచ్చిండ్రు, నేను చూసిన."

నలుగురు నవ్వారు. మామగారి ముఖం కొంచెం చిన్నబోయింది. అల్లుడిగా నా బాధ్యత నాకు గుర్తొచ్చింది.

"ఇంజను చూడాలనుందా? రండి!" అని ముందున్న బానెట్ ఎత్తి నిలబెట్టాను. జనం ఇంకొంచెం దగ్గరికి వచ్చారు. మామగారు అందరి కంటే ముందు నిలబడ్డారు. నేను సీట్లో కూర్చుని తాళం తిప్పాను. ఇంజను పులిలా గుర్రుమంది.

"అబ్బా, ఏం సప్పుడు!" అన్నారెవరో.

"ఇంకా చూడండి," అని కాలు నొక్కాను.

ఆ గుంపులో ఖాజా భాయ్ అని ఒక పెద్దాయన ఉన్నాడు. తాండూరులో లారీలు బాగు చేసే మెకానిక్కు. మామగారి లారీలన్నీ ఆయన చేతి మీదే బతుకుతున్నాయి. ఆయన మాత్రం ఇంజను పైన చూడకుండా, వంగి కింద చూస్తున్నాడు.

"సాబ్, ఈ పైపుకు ఏందిది? ముక్కు ఎవరు మూసిండ్రు దీనిది? సాబ్, బంద్ చెయ్‌రి! బంద్!"

"ఏమంటున్నారు?" అని గట్టిగా అడిగాను. అడుగుతూ కాలు ఇంకాస్త నొక్కాను.

'టప్' మని ఒక శబ్దం. నూనె మట్టం కొలిచే ఇనుప పుల్ల దీపావళి రాకెట్టులా పైకి లేచి, కొత్త సీలింగుకు తగిలి, పూలదండల మధ్య ఎక్కడో పడింది. ఆ వెంటనే పై మూత లేచిపోయింది. ఫౌంటెను! నిజంగా ఫౌంటెను! నల్లటి నూనె పైకి చిమ్మి, గొడుగులా విచ్చుకుని, వచ్చిన అతిథుల మీద అక్షింతల్లా రాలింది. ఇంజను నడిచి రెండు నిమిషాలే అయింది కాబట్టి నూనె ఇంకా చల్లగానే ఉంది. లేకపోతే ఇది నవ్వుతూ చెప్పే కథ అయ్యేది కాదు. ఇక కింద, నేను కష్టపడి బిగించిన తొట్టి అంచు ఒక పక్క పగిలి, ఇంజనులో మిగిలిన నూనెంతా ఆ లేత పసుపు నేల మీద నింపాదిగా పరుచుకుంది.

ఇంజను ఆపాను. కాంట్రాక్టరు చొక్కా జేబులోంచి నూనె కారుతోంది. మామగారి నుదుట విభూతి మీద మూడు నల్లటి గీతలు అడ్డంగా కాకుండా నిలువుగా దిగుతున్నాయి. ఆయన ధోవతి చూసుకోలేదు. చొక్కా చూసుకోలేదు. నెమ్మదిగా మోకాళ్ళ మీద కూర్చుని, ఆ నేల మీద చెయ్యి పెట్టారు.

"ఈ బండ శానా మెత్తది అల్లుడా," అన్నారు మెల్లగా. "నూనెను తాగుతది."

తిట్టి ఉంటే బాగుండేది. ఆ ఒక్క మాటకు నేను సీట్లో ఇంకా ఇంకా కిందికి జారిపోయాను. ఆ బండి అసలే నేలకు జానెడు ఎత్తు.

అందరి కంటే ముందు కదిలింది మామగారి తల్లి గౌరమ్మ అవ్వ. ఎనభై దాటిన మనిషి. ఆమెకు కోపం వస్తే మాట కన్నడంలో మొదలవుతుంది.

"ఏనప్పా ఇదు! బొమ్మల్లెక్క నిలబడి చూస్తరేందిరా? ఫ్యాక్టరీల బండల పొడి లేదా? తట్టలల్ల తెండ్రి, పొయ్యండ్రి!"

రాయి కోసినప్పుడు రాలే మెత్తటి పొడి తట్టలు తట్టలుగా వచ్చింది. కూలీలు, అతిథులు, పూజారి, కాంట్రాక్టరు అందరూ కలిసి నేల మీద చల్లారు. ప్రారంభోత్సవానికి వచ్చినవాళ్ళు పొడీ నూనే కలిసి, పిండి పూసిన బజ్జీల్లా తయారయ్యారు.

ఇంతలో ఖాజా భాయ్ బండి కింది నుంచి బయటికి వచ్చాడు. చేతిలో నా బిరడా.

"సాబ్, ఇది దమ్ము పైపు. ఇంజన్ నడుస్తుంటె లోపల గాలి జమ అయితది. అది దీంట్లకెళ్ళి బయటికి పోవాలె. మీ ముక్కూ నోరూ మూసి పరిగి దాంక ఉరకమంటె ఉరుకుతరా?"

"ఉరకలేను."

"మీరు కాలేజీల ఏం చెప్తరు సాబ్?"

"ఫిజిక్స్."

"గదేంది? దాంట్ల ఏముంటది?"

నేను గొంతు సవరించుకున్నాను. "వాయువులు... వాటి పీడనం..."

"అంటె గాలి గురించేనా?"

"...గాలి గురించే."

ఖాజా భాయ్ బిరడాను మర్యాదగా నా అరచేతిలో పెట్టాడు. శైలజ గోడ వైపు తిరిగి నిలబడింది. ఏడుస్తోందేమోనని దగ్గరికి వెళ్ళాను. భుజాలు ఊగుతున్నాయి. చీరకొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

"మీకు ఇంక ఒక పని మిగిలింది," అంది, ఊపిరి అందాక. ఇంట్లో 'నువ్వు', పుట్టింట్లో 'మీరు'. "నాయిన దగ్గరికి పోండ్రి. సాకులు చెప్పకుండ్రి."

వెళ్ళాను. "మామా, మీరు అడిగినప్పుడు అబద్ధం చెప్పాను. బాగవలేదు. మీ ముందు చిన్నబోతానని చెప్పాను. ఈ నేల మళ్ళీ ఇదివరకటిలా అయ్యేదాకా నేను ఇంటికి పోను."

ఆయన నా ప్యాంటు వంక చూశారు. "పని చేస్తరా?"

"చేస్తాను."

"అయితె ప్యాంటు మార్చుకోండ్రి. నా లుంగీ ఉంది."

కాలేజీకి వారం సెలవు పెట్టాను. రాతిపొడినీ చాకలి సోడానూ నీళ్ళతో ముద్దలా కలిపి మరక మీద మందంగా పట్టించాలి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పాలి, మర్నాడు గీకాలి. ఆ ముద్ద లోపలి నూనెను కొంచెం కొంచెం పైకి లాగుతుంది. గీకి, మళ్ళీ పట్టించాలి. మామగారు నా పక్కనే గొంతుకూర్చుని, తానూ గీకేవారు. మొదటి రెండు రోజులూ గీకుడే. మూడో రోజు సానపట్టే మిషను నా చేతికిచ్చారు. స్విచ్చి వెయ్యగానే అది నన్ను ఈడ్చుకుంటూ హాలంతా ఒక చుట్టు తిప్పి, తలుపు దాకా తీసుకెళ్ళింది. వెనక నుంచి ఒక వింత శబ్దం వినిపించింది. తిరిగి చూస్తే మామగారు గోడకు చేరబడి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు.

"నేను గనికి పోయిన మొదటి దినం సుత్తె కాలు మీద ఏసుకున్న," అన్నారు. "మేస్త్రి ఏమన్లేదు. నీళ్ళు ఇచ్చిండు. పట్టు, గిట్ల నడుము కాడ ఆనిచ్చి పట్టు."

'పట్టు' అన్నారు. 'పట్టండ్రి' అనలేదు. ఆ రోజు నుంచి ఆయన నన్ను 'మీరు' అనలేదు. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

వారం తిరిగేసరికి మరక చాలావరకు పోయింది. హాలు నడుమ చాటంత నీడ మాత్రం మిగిలింది. నేను సిగ్గుపడుతూ వికారాబాద్ వచ్చేశాను. ఖాజా భాయ్ బండికి ఊపిరి తిరిగి ఇచ్చి, నలిగిన అట్ట మార్చి, "కొంచెం కారుస్తది, కార్చనీయి" అని పంపించాడు.

ఆ తర్వాత జరిగింది శైలజ చెబితే తెలిసింది. షోరూముకు వచ్చిన ఆడవాళ్ళు బండలు చూసి, "మరక పడితే ఎట్ల?" అని అడుగుతారట. మామగారు వాళ్ళను నేరుగా హాలు నడుముకు తీసుకెళ్తారట.

"అమ్మా, గీడ మా అల్లుడు ఒక కారు ఇంజన్ మొత్తం ఒంపిండు. ఇగో, గింతే మిగిలింది. మీ ఇంట్ల పప్పుచారు పడ్తె ఫికర్ ఎందుకు?"

బేరం అక్కడికక్కడే కుదురుతుందట! ఆ షోరూములో నా మరక కంటే బాగా అమ్మే గుమస్తా లేడట.

కొన్నేళ్ళు హాయిగా గడిచాయి. మొన్న మామగారు ఫోన్ చేశారు. గొంతులో దిగులు.

"అల్లుడా, పెద్ద పరేషాన్ వచ్చింది. మరక మొత్తం పోయింది."

"మంచిదే కద మామా!"

"ఏం మంచిది? నిన్న బీదర్ నుంచి ఒక జంట వచ్చింది. నూనె ఒంపిన జాగ చూపెట్టమన్నరు. చూపెట్టిన. ఏం లేదు కద, ఉత్తగ కత చెప్తున్నవు అని నవ్వి పోయిండ్రు. వచ్చే ఐతారం నీ బండి తెస్తవా? పోయినసారి అంత వద్దు బిడ్డా. సగం చాలు."

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేస్తున్నాను. నేను పెట్టని గొట్టాన్ని నేను మూయను. నాకు అర్థం కాని రంధ్రం ఎక్కడ కనిపించినా నమస్కారం పెట్టి తప్పుకుంటాను. మామగారు ఎంత బతిమాలినా సరే, ఆ బండితో తాండూరు పొలిమేర తొక్కను.

ఆదివారం వెళ్తున్నాం, ప్యాసింజరు రైల్లో. దాని ఇంజను ఎంత కార్చినా అది నా పూచీ కాదు.